ఇంకో పూత

గుడివాడ నుంచి బందరు వెళ్లే బస్సులో కిటికీ పక్క సీటు దొరకడం నా వయసులో ఒక ఘనకార్యమే. మొన్న ఆ ఘనకార్యం సాధించి కూర్చుంటే, పెడన ఇంకా రాకముందు ఒక చేలో డ్రోన్ మందు కొడుతూ కనిపించింది. గట్టు మీద నిలబడ్డ మనిషి చేతిలో చిన్న పెట్టె పట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు. వరి మీద అది ఎంత పొందిగ్గా తిరుగుతోందంటే, పొలం హద్దులు ఆ మనిషి కంటే దానికే బాగా తెలిసినట్టుంది. బస్సులో ఒక్కరూ తల తిప్పలేదు. నేను మాత్రం అది కనుమరుగయ్యేదాకా మెడ సాచి చూశాను. పక్కన కూర్చున్నావిడ నా వంక జాలిగా చూసి, "డ్రోనండీ అది. ఎప్పుడూ చూళ్లేదా?" అంది. చూశానండీ అన్నాను. ఎగిరే వస్తువు ఒకటి గాల్లో నిలబడాలని మా ఇంటిల్లిపాదీ ఒకప్పుడు పడ్డ ఆరాటం, అది నిలబడకుండా అదే ఇంటిల్లిపాదీ చేసిన కృషి ఆవిడకి పూర్తిగా చెప్పాలంటే బస్సు బందరు దాటి సముద్రంలోకి వెళ్లాల్సి వస్తుంది. అందుకని ఊరుకున్నాను.

నేను వెళ్తున్నది మా బాబాయి ఇంటికి. చిలకలపూడిలో మా తాతయ్య కట్టించిన ఇల్లే అది. బాబాయి మనవడు కిరణ్ ఆ ఇంటి మధ్యగదిలో అటక పడగొట్టి, నగలు ఫోన్లో చూపించి అమ్ముకోవడానికి దీపాలూ అద్దాలూ బిగించుకుంటున్నాడు. అటక ఖాళీ చేస్తుంటే ఇత్తడి గంగాళం వెనక పొడుగాటి పొట్లం ఒకటి దొరికిందట. దాని ఫోటో తీసి నాకు పంపి, "అత్తా, ఇదేంటో తాతయ్య చెప్పట్లేదు, పారేయనివ్వట్లేదు. నిన్ను రమ్మంటున్నాడు" అని రాశాడు. ఫోటోలో ఉన్నది గులాబీరంగు రెక్క. నా చెయ్యంత పొడుగు, ఒక చివర విరిగింది, మిగతాదంతా నిన్ననే చేసినట్టు మెరుస్తోంది. చూడగానే నా ముక్కుకి మగ్గిన అరటిపళ్ల వాసన వచ్చింది.

ఆ వాసన సంగతి చెప్పాలి. మా ఇంట్లో అరటిపళ్లు ఉన్నా లేకపోయినా ఆ వాసన మాత్రం ఉండేది. కొత్తగా వచ్చిన చుట్టాలు పళ్లు పెడతారేమోనని కాసేపు ఓపిక పట్టి, చివరికి మంచినీళ్లు తాగి వెళ్లిపోయేవారు. మాది గిల్టు నగల ఇల్లు. రాగి గొలుసులకీ గాజులకీ బంగారు పూత పట్టించడం, కుంకుడు రసంతో తోమడం, రంపపు పొట్టులో దొర్లించి ఆరబెట్టడం, ఆ పూత నల్లబడకుండా ఆఖరున నీళ్లలాంటి వార్నిష్ వెయ్యడం, అన్నీ మా వసారాలోనే. అరటిపళ్ల వాసన ఆ వార్నిష్‌ది. దానికి రంగు లేదు. వేసినట్టు కనపడకూడదు, మెరుపు మాత్రం కనపడాలి. సముద్రపు గాలి తేమ తగిలిందంటే పాలు ఒలికినట్టు తెల్లబడిపోయేది. అందుకని తలుపులు మూసి, కుంపట్లో బొగ్గులు రాజేసి, గది పొడిగా వేడెక్కాక వేసేవారు. బందరు ఎండాకాలంలో తలుపులు బిగించుకుని కుంపటి పెట్టుకునే ఇల్లు మాది. అదే కుంపటి మీద సాయంత్రం నాయనమ్మ కాఫీ కాచేది. ఆ కాఫీకి కూడా అదే వాసన అని అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో పుట్టింట్లో చెప్పుకుని ఏడ్చిందట. నేను పుట్టేసరికి ఆ కాఫీ తప్ప ఇంకోటి ఆవిడకి సయించేది కాదు.

ఇలాంటి ఇంటికి పెద్ద మా తాతయ్య. మెరవని వస్తువు మా గుమ్మం దాటకూడదని ఆయన పట్టుదల. అది నగలతో ఆగలేదు. పెళ్లికి వెళ్తుంటే మా చెప్పులు చూసేవాడు, బడికి వెళ్తుంటే నా జడ చూసేవాడు. బాగుంటే "మెరుస్తోంది" అనేవాడు, బాగా లేకపోతే "ఇంకో పూత పడాలి" అనేవాడు. ఈ రెండు మాటలే ఆయన దగ్గర ఉన్నవి, ప్రపంచానికంతటికీ అవే సరిపెట్టేవాడు. నా లెక్కల మార్కులకీ ఇంకో పూత పడాలి, మా అమ్మ పప్పుచారుకీ పడాలి. తన చిన్న కొడుకు సత్యానికైతే పుట్టినప్పటి నుంచీ పడుతూనే ఉండాలని ఆయన ఉద్దేశం.

ఆ సత్యమే మా బాబాయి. మా నాన్న సరుకు పట్టుకుని ఊళ్లు తిరిగేవాడు కాబట్టి కొట్లో కూర్చునే మనిషి కరువు. ఆ మనిషి బాబాయేనని అందరూ అనుకున్నారు, బాబాయి తప్ప. గుడివాడలో బీఎస్సీ చదువుతూ, శనివారం రైల్లో వచ్చి సోమవారం వెళ్లేవాడు. అక్కడ కాలేజీలో ఖాకీబట్టల కవాతు ఉండేది. అందులో బొమ్మ విమానాలు చెయ్యడం కూడా నేర్పేవారు. నేర్పే ఆయన ఒకప్పుడు నిజం విమానాల దగ్గర పనిచేసి రిటైరైనవాడు. బాబాయి చేతివాటం చూసి ముచ్చటపడి, బెంగుళూరులో విమానాల పని నేర్పే చోటు ఒకటి ఉందని, ఇంట్లో ఒప్పుకుంటే తను చెప్పి చేర్పిస్తానని అన్నాడట. ఇంట్లో ఒప్పుకోవడం అంటే తాతయ్య ఒప్పుకోవడం.

ఒక శనివారం భోజనాల దగ్గర బాబాయి ఆ మాట కదిపాడు. తాతయ్య మజ్జిగన్నం కలుపుకుంటూ విన్నాడు.

"విమానాల్లో నీకేం పనిరా?"

"రెక్కల పనండి."

"నువ్వు చేసింది ఎగురుతుందా?"

"ఎగురుతుందండి."

"అయితే మాఘ పౌర్ణమికి సముద్ర స్నానానికి హంసలదీవి వెళ్తాం కదా, అక్కడ ఎగరెయ్. దీని కోసం వేరే పని మానుకుని నేను రాను. నా కళ్ల ముందు ఎగిరితే బెంగుళూరు వెళ్లు. ఎగరకపోతే కొట్టు తాళాలు పుచ్చుకో, మళ్లీ ఆ మాట ఎత్తకు."

ఒక మనిషి బతుకు ఎటు పోవాలో మా ఇంట్లో అలా మజ్జిగన్నంలో తేలింది. బాబాయి సరేనన్నాడు. నాయనమ్మ ఆవకాయ ముక్క కావాలా అని అడిగింది.

విమానం మధ్యగదిలోనే తయారైంది. తేలిక చెక్కపుల్లలు పక్కటెముకల్లా పేర్చి రెక్కలు కట్టాడు. వాటి మీద అంటించే పల్చటి కాగితం రైల్లో చిరిగిపోతే, మేం నగలు చుట్టి ఇచ్చే గులాబీరంగు కాగితం వాడాడు. అంటించాక నోట్లో నీళ్లు పోసుకుని, ఇస్త్రీ చేసే మనిషిలాగా తుంపరగా ఊదాడు. కాగితం ముందు వదులై ముడతలు పడి నన్ను ఏడిపించినంత పని చేసి, ఆరాక బిగిసి నిలబడింది. వేలితో కొడితే టప్‌మంది. దాని మీద వెయ్యాల్సిన మందు గుడివాడలో దొరకలేదు. మన వార్నిష్ దానికి దగ్గర చుట్టమే, ఇది చాలు అన్నాడు బాబాయి. తలుపులు మూసి, కుంపటి పెట్టి, రెండే రెండు పూతలు పల్చగా వేశాడు. వేస్తూ నాకు చెప్పాడు. "కాగితంలోంచి గాలి దూరకూడదు, అందుకు వేస్తున్నాం ఇది. అంతకు మించితే బరువు. మెరవక్కర్లేదు."

మెరవక్కర్లేదన్న మాట ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరూ అని ఉండరు. వసారాలో గాజులు తోముతున్న కరీం మావయ్య చెయ్యి ఆపాడు. ఆయన మా దగ్గర పాతికేళ్లుగా మెరుగు పనిచేస్తున్న మనిషి, నాకు మావయ్య. "మెరవక్కర్లేదా సత్యం బాబూ?" అని మెల్లగా అడిగాడు. అక్కర్లేదన్నాడు బాబాయి. కరీం మావయ్య రెక్క వైపు చాలాసేపు చూసి, మళ్లీ గాజు అందుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఊరి బయట ఉప్పు నేలకి నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు. ముక్కు దగ్గర చిన్న పంకా, దానికి లోపల రబ్బరు పురి. పురి బాగా ఎక్కించి, చెయ్యెత్తి, తోసీ తోయనట్టుగా వదిలాడు. అది వెళ్లిపోయింది. కొబ్బరిచెట్టంత ఎత్తుకి లేచి, ఒక పక్కకి ఒరిగి, మా చుట్టూ తీరుబడిగా తిరిగి, పంకా ఆగిపోయాక కూడా దిగాలన్న తొందర లేకుండా జారి జారి గడ్డిలో కూర్చుంది. నేను పరిగెత్తలేదు, అరవలేదు, నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఆ తర్వాత నిజం విమానాలు చాలా ఎక్కాను, వాటిలో పెట్టిన ఉప్మా కూడా తిన్నాను. అంత సంతోషం మళ్లీ కలగలేదు. బాబాయి నేల మీద కూలబడి, "బెంగుళూరులో చలి ఎక్కువటే. మీ అమ్మని స్వెటర్ అల్లిపెట్టమనాలి" అన్నాడు.

విమానాన్ని మధ్యగదిలో ఉయ్యాల కొక్కేనికి వేలాడదీసి బాబాయి గుడివాడ వెళ్లిపోయాడు. పెద్ద పొరపాటు అదే. పొద్దున్న లేచింది మొదలు ఇంట్లో అందరి కళ్లూ దాని మీదే. మెరుపే తిండిగా బతికే ఇంట్లో నట్టింట మెరవని వస్తువు వేలాడుతుంటే చూస్తూ ఎవరు ఊరుకుంటారు? ముందు నాయనమ్మ ఊరుకోలేదు. "నూనె తగలని అప్పడంలా ఉంది" అని గొణుక్కుని, కాఫీకి కుంపటి రాజేసినప్పుడే ఒక పూత వేసేసింది. తర్వాత కరీం మావయ్య. పని ముగించి ఇంటికి వెళ్లేముందు, మిగిలిన వార్నిష్ పారబోయడం ఇష్టం లేనట్టు మొహం పెట్టి రెక్కల కిందా మీదా ఒక చుట్టు తిప్పాడు. నాయనమ్మ వేసిన సంగతి ఆయనకి తెలీదు, ఆయన వేశాడని ఆవిడకి తెలీదు. ఈ వ్యవహారంలో నా చెయ్యి మాత్రం లేదని చెప్పగలను. కుంచెలు నాకు అందని ఎత్తులో పెట్టేవారు.

తాతయ్య వంతు మధ్యాహ్నం వచ్చింది. ఇల్లంతా నిద్రపోతోంది. నేను నిద్ర నటిస్తున్నాను. ఆయన కుర్చీ వేసుకుని విమానాన్ని రెండు చేతులతో దించి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కళ్లు మసకబారాక ఆయన కుంచె పట్టడం మానేసి అప్పటికి చాలా కాలమైంది. కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, కుంచె అంచు అరచేతి మీద సరిచేసుకుని, ఊపిరి బిగబట్టి, రెక్క ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే లాగుడు. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా రెండోసారి తిరగలేదు. అయ్యాక తల తిప్పి చూసేసరికి నా కళ్లు తెరిచే ఉన్నాయి.

"నిద్రపోలేదుటే?"

"లేదు తాతయ్యా."

"ఎలా ఉంది?"

"మెరుస్తోంది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నలుగురిలో పెట్టేది కదే. వాడి వస్తువుని ఎవరూ ఒక మాట అనకూడదు" అన్నాడు. ఇది ఆ వస్తువు నేల మీద పడితే కొడుకుని కొట్లో కూర్చోబెడతానన్న మనిషే. రెండూ ఆయనే, రెండూ నిజమే అనుకుంటాను.

హంసలదీవి ప్రయాణానికి ముందు సాయంత్రం బాబాయి వచ్చి విమానాన్ని దించాడు. చేతిలోకి తీసుకోగానే మొహం మారిపోయింది. అరచేతి మీద పెట్టుకుని పైకీ కిందకీ ఆడించి, "ఎవరు వేశారే?" అని నన్ను అడిగాడు. నాయనమ్మ పేరు, కరీం మావయ్య పేరు చెప్పాను. బాబాయి పళ్లు కొరుకుతూ వసారాలోకి వెళ్లి, వార్నిష్‌ని కరిగించే మందు సీసా తెచ్చి మూత తీసి, దూది తడిపాడు. పూతలన్నీ కడిగేసి రాత్రికి కొత్త కాగితం వెయ్యొచ్చు, తెల్లారేసరికి ఆరిపోతుంది, ఏం పరవాలేదు అని నాకూ తనకూ చెప్పుకున్నాడు.

"తాతయ్య కూడా వేశాడు బాబాయ్," అన్నాను.

దూది రెక్కకి తగలకుండా ఆగింది. "నాన్నా? తనే వేశాడా?"

నేను చూసిందంతా చెప్పాను. నలుగురిలో పెట్టేది కదా అన్న మాట కూడా చెప్పాను. బాబాయి ఆ మాట నాచేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. రెక్కని కిటికీ వెలుతురుకి పెట్టి, ఒక కన్ను మూసి, ఆ చివర నుంచి ఈ చివరదాకా చూశాడు. తర్వాత దూది కుంపట్లో పడేసి, సీసాకి మూత బిగించేశాడు. కడగవా అని అడిగితే, "బాగానే ఉందిలే" అన్నాడు. నాకు అర్థం కాలేదు, పెద్దవాళ్లకి తెలుస్తుంది కాబోలు అనుకుని అన్నానికి వెళ్లిపోయాను.

కోడూరు దాకా బస్సు, అక్కడి నుంచి ఎద్దుబండి. విమానం నాయనమ్మ పట్టుచీరలో చుట్టుకుని మా అందరి కంటే సుఖంగా ప్రయాణం చేసింది. కృష్ణ సముద్రంలో కలిసే చోట స్నానాలయ్యాక పాలకాయతిప్ప తీరం ఇసుకలోకి నడిచాం. తడిబట్టల జనం ఎక్కడ చూసినా. బాబాయి చీర విప్పగానే ఎండ రెక్కల మీద పడి, చుట్టూ ఉన్నవాళ్లు కళ్లకి చేతులు అడ్డం పెట్టుకున్నారు. పిల్లా జెల్లా చుట్టూ మూగారు. తాతయ్య తడి తువ్వాలు భుజాన వేసుకుని, గడ్డం కాస్త పైకెత్తి నిలబడ్డాడు. బాబాయి పురి ఎక్కించాడు, చెయ్యెత్తాడు, వదిలాడు. అది ఒక్క క్షణం గాలిలో వెళ్లాలా వద్దా అని ఆలోచించి, ముక్కు దించుకుని, సముద్రానికి సాష్టాంగపడ్డట్టు తడి ఇసుకలో బోర్లా పడింది. ఒక అల వచ్చి మీదుగా వెళ్లింది. పక్కన ఒక ముసలావిడ ఏదో మొక్కు చెల్లిస్తున్నాం అనుకుని చేతులెత్తి దణ్ణం పెట్టింది.

అందరి కంటే ముందు నీళ్లలోకి దిగింది తాతయ్యే. విరగగా మిగిలిన రెక్కని తీసి, తువ్వాలుతో ఉప్పునీళ్లు అద్దాడు. పూత చెక్కుచెదరలేదు. కోడూరు వైపు పెద్దమనిషి ఒకాయన దగ్గరకొచ్చి, "మెరుపు భలే ఉందండీ, ఎవరి పని?" అని అడిగాడు. "మాదేనండీ" అన్నాడు తాతయ్య. అలవాటుగా అనేశాడు. అని, బాబాయి వైపు చూసి, రెక్కని తువ్వాల్లో చుట్టుకుని బండి వైపు నడిచాడు. ఇంటికొచ్చాక తాళాలు ఇవ్వనూ లేదు. బాబాయే మేకుకి ఉన్నవి తీసుకుని సోమవారం వెళ్లి కొట్టు తెరిచాడు. అమ్మ అల్లిన స్వెటర్ ఇంట్లో ఎవరికీ అక్కరకు రాలేదు. తాతయ్య పోయేదాకా ఎప్పుడు ఆ ఊసొచ్చినా, "ఆ రోజు గాలి లేదురా" అనేవాడు. "లేదండి" అనేవాడు బాబాయి. పాలకాయతిప్పలో గాలి లేదని ఇద్దరూ అన్నేళ్లు ఒకరికొకరు నమ్మకంగా చెప్పుకున్నారు.

మొన్న నేను వెళ్లేసరికి బాబాయి మధ్యగదిలో, అటక ఉండాల్సిన చోట కిందే కుర్చీ వేసుకుని, రెక్కని ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. ఎనభై దాటాయి. పొట్లం విప్పిన కాగితం పక్కన ఉంది, అదే గులాబీరంగు కాగితం. మేం నగలకి వేసే మడతే ఉంది దానికి, తాతయ్య మడత. కిరణ్ గుండ్రటి దీపం బిగిస్తూ, ఇప్పుడు పూతలు గీతలు ఏం లేవు అత్తా, సరుకు తయారై వస్తుంది, మెరుపు చాలకపోతే ఫోన్లోనే పెంచేస్తాం అన్నాడు. మా తాతయ్య విని ఉంటే ఏం అనేవాడో ఊహించడానికి నాకు ధైర్యం చాలలేదు. కిరణ్ రెక్కని చేత్తో ఎత్తి చూసి, "ఇంత బరువుంటే ఎగరదు కదా తాతయ్యా" అన్నాడు.

"ఎగరదు," అన్నాడు బాబాయి.

ఇన్నేళ్లుగా నాలో ఉన్న ప్రశ్న అప్పుడు అడిగాను. "దూది తడిపి కూడా ఎందుకు ఊరుకున్నావు బాబాయ్? కడిగి ఉంటే ఎగిరేది కదా."

"ఎగిరేది."

"మరి?"

బాబాయి రెక్కని తిప్పి నాకు చూపించాడు. "చూడవే. ఒక్క బుడగ లేదు. కళ్లు సరిగ్గా కనపడని మనిషి వేసింది. నా చదువు గానీ, నా బట్టలు గానీ, నావి ఏవీ మా నాన్న ఎప్పుడూ చేత్తో ముట్టుకోలేదే. దీన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. అది దూదితో తుడిచేసి బెంగుళూరు బండెక్కమంటావా?"

నేను ఆ పూత మీద వేలితో నిమిరాను. అది చూసి ఆయన నవ్వాడు. "వెళ్తే మాత్రం ఏముందిలే. అక్కడా రెక్కలకి పూతలే వేయించేవాళ్లు" అన్నాడు. కొట్లో ఆయన కూర్చున్న ఏళ్లన్నీ నా కళ్ల ముందు తిరిగాయి. ఆ ఏళ్లలో ఆయన ఎవరి మీదా విసుక్కోవడం నేను చూడలేదు. సంతోషంగా ఉన్నాడా అని మేమెవరం అడగనూ లేదు.

కిరణ్ దీపం వెలిగించాడు. బాబాయి రెక్కని ఆ వెలుగులోకి పెట్టి, ఒక కన్ను మూసి చూసి, "ఇదిగో, ఈ చివర మాసింది" అన్నాడు. వార్నిష్ సీసా తెమ్మంటే ఆ ఇంట్లో ఇప్పుడు లేదు. కిరణ్ భార్య లోపలికి వెళ్లి, గోళ్లకి వేసుకునే రంగులేని పాలిష్ సీసా తెచ్చింది. బాబాయి మూత తీసి వాసన చూసి నాకు అందించాడు. మగ్గిన అరటిపళ్ల వాసన. లేచి వెళ్లి తలుపులు మూశాడు, అలవాటుగా కుంపటి కోసం వెతుక్కుని ఊరుకున్నాడు. మూతకున్న ఆ బుల్లి కుంచెతో మాసిన చోట ఒక్క లాగుడు లాగి, కుంచె నా చేతిలో పెట్టాడు.

"నువ్వూ వెయ్యి. అప్పుడు నువ్వొక్కదానివే మిగిలిపోయావు."

ఊపిరి బిగబట్టి, వీలైనంత పల్చగా వేశాను. ఎలా ఉంది బాబాయ్ అని అడిగాను. ఆయన కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, రెక్కని దగ్గరకి తీసుకుని, దూరం పెట్టి, మళ్లీ దగ్గరకి తీసుకున్నాడు.

"ఇంకో పూత పడాలి," అన్నాడు.